రాక్ స్లైడర్ ఎంచుకోవాలంటే ముందు బండి కింద చూడండి

రాక్ స్లైడర్ అంటే రాళ్ల దెబ్బ బాడీకి తగలకుండా తలుపుల కింద బిగించే ఇనుప పైపు. థార్‌కో జిమ్నీకో దాన్ని బిగించాలనుకునేవాళ్లు మొదట చూసేది బయటికి కనపడే పైపునే. ఎంత లావుంది, నలుపు ఎంత నిగనిగలాడుతోంది, కాలు పెట్టడానికి పట్టుందా లేదా అని. అసలు చూడాల్సింది తలుపుల కింద చీకట్లో ఉంటుంది: ఆ పైపును చాసిస్‌కి, అంటే బండి కింది ఇనుప చట్రానికి, కలిపే కాళ్లు. పైపు మధ్యలో వంగి పాడయ్యే స్లైడర్ల కన్నా కాళ్లు మెలిపడో, ప్లేటు దగ్గర చీలిపోయో పాడయ్యేవే ఎక్కువ. అందుకే ఎంపికలో కాళ్లు ముందు, పైపు తర్వాత. రంగు సంగతి చివర్లో చూసుకోవచ్చు.

ముందుగా: మీ బండికి ఇది కుదురుతుందా?

స్లైడర్ పని బండి బరువును మోయడం. ముందు చక్రం రాయి దాటి కిందికి దిగగానే, వెనక చక్రం ఎక్కేలోపు తలుపు కింది అంచు ఆ రాయి మీద కూర్చుంటుంది. అప్పుడు టన్నుకు దగ్గరగా ఉండే బరువు స్లైడర్ మీదుగా చాసిస్‌కి చేరాలి, బాడీకి కాదు. అంటే కింద లాడర్ ఫ్రేమ్ చాసిస్ (నిచ్చెనలా ఉండే విడి చట్రం) ఉండాలి. థార్, థార్ రాక్స్, జిమ్నీ, గూర్ఖా, స్కార్పియో, బొలెరో, ఫార్చ్యూనర్, హైలక్స్, వీ-క్రాస్‌లకు అది ఉంది. క్రెటా, సెల్టోస్, ఎక్స్‌యూవీ700 లాంటి మోనోకాక్ (విడి చట్రం లేకుండా బాడీయే బరువు మోసే) బండ్లకు లేదు. వాటికి 'స్లైడర్' అని అమ్మేది నిజానికి ఫుట్‌బోర్డే. దానికి రాయి తగిలితే ఆ ఫుట్‌బోర్డే బాడీ రేకును లోపలికి నొక్కుతుంది, ఏమీ బిగించకపోతే జరిగే నష్టం కన్నా ఎక్కువ జరుగుతుంది.

మీరు తిరిగేది పొలం గట్లు, కంకర రోడ్లు, బురద దారులే అయితే స్లైడర్ అక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి టైర్లు, ఒక రికవరీ తాడు కొనుక్కోండి. రాళ్ల గుట్టలు, వాగుల్లో బండరాళ్లు, చెట్ల మధ్య ఇరుకు దారులు మీ లెక్కలో ఉంటేనే ముందుకు చదవండి.

చక్రాల మధ్య దూరం పెరిగేకొద్దీ స్లైడర్ అవసరం పెరుగుతుంది. మూడు తలుపుల థార్ వీల్‌బేస్ 2,450 మి.మీ., బ్రేకోవర్ యాంగిల్ (పొట్ట ఆనకుండా దాటగల మిట్ట కోణం) 27 డిగ్రీలు. అదే రాక్స్‌కు వీల్‌బేస్ 2,850 మి.మీ.కు పెరిగి, యాంగిల్ 24 డిగ్రీలకు కాస్త తగ్గింది. ఐదు తలుపుల జిమ్నీ 2,590 మి.మీ., 24 డిగ్రీలు. చిన్న థార్ తగలకుండా దాటిన రాయి మీద పెద్ద థార్ పొట్ట ఆనుతుంది.

కొలతలు తీసుకోండి

బండిని చదునైన నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టి కిందికి దూరండి. టార్చి, టేపు, సుద్దముక్క, కాగితం చాలు. ఇంజిన్ చల్లారాకే, సైలెన్సర్ పైపు బండి ఆపాక చాలాసేపు చెయ్యి కాలుస్తుంది.

రాసుకోవాల్సినవి ఇవి. చాసిస్ బయటి గోడ నుంచి తలుపు కింది అంచు బయటి వరకు అడ్డంగా ఎంత దూరం. స్లైడర్ కాలు పొడవు దీన్ని బట్టే ఉంటుంది, కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైన కొలత ఇదే. చాసిస్ అడుగు నుంచి తలుపు కింది అంచు వరకు నిలువుగా ఎంత. చాసిస్ గోడ ఎత్తు ఎంత. ముందు మడ్‌గార్డు వెనక అంచు నుంచి వెనక మడ్‌గార్డు ముందు అంచు వరకు ఎంత. తర్వాత చాసిస్ మీద కంపెనీ వదిలిన రంధ్రాలు, వెల్డ్ నట్లు, బాడీ మౌంట్లు, బ్రేక్ పైపులు, ఇంధన పైపులు, వైరింగ్ కట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో సుద్దతో గుర్తు పెట్టి ఫొటో తీయండి.

ఇదంతా రెండు వైపులా విడివిడిగా చేయాలి. ఒక వైపు ఇంధన ట్యాంకు, ఇంకో వైపు సైలెన్సర్ ఉండటం మామూలే. ఎడమ కొలతలతో కుడిది కూడా చేయించేసి, ప్లేటు సరిగ్గా బ్రేక్ పైపు మీద కూర్చున్నాక మళ్లీ కోయించడం వర్క్‌షాపుల్లో కొత్త సంగతి కాదు.

కాళ్లు: అసలు బలం ఇక్కడే

ఒక చిన్న లెక్క వేద్దాం. బండి, మనుషులు, సామాను కలిపి 2,000 కిలోలు అనుకోండి. ఒక పక్క మొత్తం రాయి మీద ఆనితే 1,000 కిలోలు. కాలు పొడవు 25 సెం.మీ. అయితే చాసిస్ దగ్గర పడే మెలి, అంటే కాలును వంచే బలం, సుమారు 2,450 న్యూటన్-మీటర్లు. రాయి సరిగ్గా ఒక కాలు కిందే తగిలిందంటే ఆ మెలి దాదాపు అంతా ఆ ఒక్క కాలే భరించాలి.

ఆ కాలు 60.3 మి.మీ. వ్యాసం, 4.5 మి.మీ. మందం ఉన్న పైపైతే దానిలో ఒత్తిడి దాదాపు 240 మెగాపాస్కల్స్. మామూలు మైల్డ్ స్టీల్ శాశ్వతంగా వంగడం మొదలుపెట్టే హద్దు అది. అదే కాలును 48.3 మి.మీ. వ్యాసం, 2.9 మి.మీ. మందం పైపుతో చేస్తే ఒత్తిడి 550 దాటుతుంది, అంటే వంగి తీరుతుంది. ఇది బండి మెల్లగా ఆనినప్పటి లెక్క. అడుగు ఎత్తు నుంచి దబ్బున పడితే రెట్టింపుకు పైనే.

దీన్నుంచి కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఒక్కో వైపు ఎన్ని కాళ్లు? జిమ్నీకి కనీసం 3, థార్, ఫార్చ్యూనర్లకు 4 ఉంటే మంచిది. కాలుకూ కాలుకూ మధ్య 50, 60 సెం.మీ. మించకూడదు. చివరి కాలు దాటాక ఊరికే వేలాడే పైపు ముక్క 30 సెం.మీ. లోపే ఉండాలి. వెనక చక్రం ముందు పొడుగ్గా వేలాడే తోక చూడ్డానికి బాగుంటుంది, రాయి తగిలితే ముందు వంగేది అదే.

కాలు పొడవు 5 సెం.మీ. పెరిగితే మెలి ఐదోవంతు పెరుగుతుంది. కాబట్టి 'బాగా బయటికొచ్చి గంభీరంగా ఉంటుంది' అని ఎవరైనా చెబితే, ఆ గాంభీర్యం ఖరీదు చాసిస్ కట్టాలని గుర్తుంచుకోండి.

కాళ్లకు గుండ్రటి పైపే ఉండాలని లేదు. 50×50×4 మి.మీ. చదరపు బాక్స్ పైపుకు 60.3×4.5 గుండ్రటి పైపుతో సమానమైన వంపు బలం ఉంటుంది, ఎత్తు 10 మి.మీ. తక్కువ తీసుకుంటుంది. చదునైన ప్లేటుకు వెల్డింగ్ కూడా శుభ్రంగా కూర్చుంటుంది. బయటి పైపు గుండ్రంగా, కాళ్లు చదరంగా ఉన్న డిజైన్ చూస్తే చేసినవాడు ఆలోచించి చేశాడని అనుకోవచ్చు.

చాసిస్‌కి ఎలా పట్టుకుంటుంది?

స్లైడర్ బయటి అంచును రాయి పైకి తోస్తుంది. అప్పుడు కాలు చివరనున్న ప్లేటు పైభాగం చాసిస్ గోడలోకి నొక్కుకుంటుంది, కిందిభాగం గోడ నుంచి ఊడి రావాలని చూస్తుంది. అంటే లాగుడంతా కింది బోల్టు మీద పడుతుంది. పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య 80 మి.మీ. ఉంటే, పైన చెప్పిన మెలికి ఆ లాగుడు 3 టన్నుల దాకా ఉంటుంది. మధ్య దూరం 40 మి.మీ. అయితే 6 టన్నులు. మంచి బోల్టు ఇంత తేలిగ్గా తెగదు. దానికన్నా ముందు లొంగేది చాసిస్ గోడ, ఎందుకంటే దాని మందం కొన్ని మి.మీ. మాత్రమే.

అందుకే ప్లేటు కనీసం 6 మి.మీ. మందం, 150×120 మి.మీ. పరిమాణం ఉండాలి. బోల్టులు ఒకే వరుసలో కాక పైనా కిందా దూరంగా ఉండాలి. అన్నిటికన్నా మేలైనది 'ఎల్' ఆకారపు బ్రాకెట్: ఒక రెక్క చాసిస్ పక్క గోడకు, ఇంకో రెక్క చాసిస్ అడుక్కి ఆనుతుంది. రాయి పైకి తోసినప్పుడు ఆ అడుగు రెక్క చాసిస్‌ను కింది నుంచి మోస్తుంది, బోల్టుల మీద భారం తగ్గుతుంది. కాలు, ప్లేటు కలిసే మూలలో గస్సెట్ (మూలను బలపరిచే త్రికోణపు రేకు) ముక్క ఉందో లేదో కూడా చూడండి.

బిగించే పద్ధతులు మూడున్నాయి.

కంపెనీ రంధ్రాలకు బోల్టు చేయడం అన్నిటికన్నా మంచిది. కోత ఉండదు, వెల్డింగ్ ఉండదు, కావాలంటే విప్పేయొచ్చు. కాకపోతే మీ మోడల్‌కు, మీ సంవత్సరానికి ప్రత్యేకంగా చేసినదై ఉండాలి. పాత థార్‌ది 2020 తర్వాతి థార్‌కు, చిన్న థార్‌ది రాక్స్‌కు కుదరదు.

యూ-బోల్టులతో చాసిస్ చుట్టూ పట్టీలా బిగించడం రెండోది. చవక, తేలిక. అయితే చాసిస్ లోపలి వైపు పోయే బ్రేక్ పైపు, వైర్లు యూ-బోల్టు కింద నలగకూడదు. రాయి మీద బండి ముందుకు ఈడ్చుకుపోయినప్పుడు యూ-బోల్టు చాసిస్ వెంట వెనక్కి జారుతుంది. ఒక్కో వైపు కనీసం ఒక బోల్టైనా రంధ్రంలోకి దిగి ఆ జారుడును ఆపాలి. యూ-బోల్టు మరలు, నట్లు కిందికి వేలాడితే రాయి వాటినే ముందు కొరుకుతుంది. నట్లు పైకో పక్కకో ఉండేలా తిప్పి బిగించాలి.

బాక్స్ చాసిస్‌కు అడ్డంగా రంధ్రం చేసి బోల్టు దూర్చాల్సి వస్తే లోపల స్లీవ్ తప్పనిసరి. 12 మి.మీ. బోల్టు పట్టే చిన్న పైపు ముక్కను చాసిస్ లోపలి వెడల్పుకు సరిగ్గా కోసి లోపల కూర్చోబెట్టాలి. స్లీవ్ లేకుండా బిగిస్తే రెండు గోడలూ లోపలికి నొక్కుకుంటాయి. ఎంత బిగించినా పది రోజులకు మళ్లీ వదులవుతుంది, మీరు మళ్లీ బిగిస్తారు, గోడ ఇంకా లోపలికి పోతుంది. రంధ్రాలు ఎప్పుడూ పక్క గోడలోనే, పై, కింది అంచులకు దూరంగా చేయాలి. చాసిస్ పై అంచు, కింది అంచు ముట్టుకోవద్దు, బరువు మోసేవి అవే.

మూడోది నేరుగా చాసిస్‌కి వెల్డింగ్. బలమైనదే, కానీ వెనక్కి తీసుకోలేని నిర్ణయం. వారంటీ ఉన్న బండికి వద్దే వద్దు. పాత బండికి చేయిస్తే మూడు జాగ్రత్తలు: బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, ప్లేటు మూలలు గుండ్రంగా కోయాలి, వెల్డింగ్ గీత చాసిస్ పొడవు వెంట ఉండాలి. చాసిస్‌కి అడ్డంగా, పై నుంచి కిందికి వేసిన వెల్డింగ్ పక్కనే కొన్నాళ్లకు పగులు మొదలవుతుంది.

ఇప్పుడు పైపు

ఇనుము కొట్లో 'రెండించుల పైపు' అంటే బయటి వ్యాసం రెండంగుళాలు కాదు. స్టీలు పైపుల భారతీయ ప్రమాణం ఐఎస్ 1239 లెక్కలో అది 50 ఎన్‌బీ (నామినల్ బోర్, పేరుకు చెప్పే లోపలి వ్యాసం), బయటి వ్యాసం 60.3 మి.మీ. 'ఇంచిన్నర' అంటే 40 ఎన్‌బీ, 48.3 మి.మీ. విదేశీ సైట్లలో చూసిన 1.75 అంగుళాల ట్యూబు మాత్రం బయటి వ్యాసంతోనే కొలుస్తారు, 44.5 మి.మీ. అక్కడ మందం .120 అని ఉంటే 3.05 మి.మీ., .188 అంటే 4.8 మి.మీ. అని చదువుకోండి.

ఐఎస్ 1239 పైపుల్లో మూడు తరగతులు. ఏ క్లాస్‌కు పసుపు పట్టీ, బీ క్లాస్‌కు నీలం, సీ క్లాస్‌కు ఎరుపు. 50 ఎన్‌బీ పైపు మందం ఏ క్లాస్‌లో 2.9, బీలో 3.6, సీలో 4.5 మి.మీ. జిమ్నీ బరువు 1,200 కిలోల దగ్గరే కాబట్టి 48.3 మి.మీ. సీ క్లాస్, అంటే 4 మి.మీ. మందం, సరిపోతుంది. థార్ నుంచి పైకి ప్రధాన పైపు 60.3 బీ క్లాస్ లేదా సీ క్లాస్ తీసుకోండి. ఏ క్లాస్ పైపు గేట్లకు, షెడ్లకు మంచిది.

వ్యాసం విలువ తెలుసుకోండి. 48.3×4 పైపు కన్నా 60.3×4.5 పైపుకు వంపు బలం దాదాపు 80 శాతం ఎక్కువ. బరువు మాత్రం మీటరుకు 4.4 నుంచి 6.2 కిలోలకు, అంటే 40 శాతమే పెరుగుతుంది.

మామూలు ఈఆర్‌డబ్ల్యూ పైపుకు (రేకును చుట్టి కరెంటుతో అతికించినది) ఒక మెట్టు పైన సీడీడబ్ల్యూ ట్యూబు ఉంటుంది, ఈఆర్‌డబ్ల్యూ ట్యూబునే చల్లగా లాగి గట్టిపరుస్తారు. అమెరికావాళ్లు డీఓఎం అనేది ఇదే రకం. అదే మందంలో సొట్టలు తక్కువ పడతాయి. దొరికితే, ధర కుదిరితే తీసుకోండి. దొరకలేదని బెంగ వద్దు, మందం ఒక మెట్టు పెంచితే చాలా మటుకు ఆ తేడా పూడుతుంది.

గాల్వనైజ్డ్ పైపు మాత్రం వద్దు. 'తుప్పు పట్టదు కదా' అని జీఐ పైపుతో చేసిచ్చేవాళ్లున్నారు. వెల్డింగ్ వేడికి జింకు పొగై లేస్తుంది, వెల్డరుకు రాత్రికి జ్వరం తెప్పిస్తుంది, అతుకులో బుడగలు మిగులుస్తుంది. నల్ల పైపే అడగండి. అల్యూమినియం తేలికే గానీ గరుకు రాయి మీద జారదు, రాయి దాన్ని గీరి పట్టుకుంటుంది. మన దక్కను గుట్టల గ్రానైట్ గరుకెంతో చెప్పక్కర్లేదు. మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్ సైడ్ స్టెప్పుల గురించి ఇక్కడ మాట్లాడుకోవడం అనవసరం.

తూకం వేయండి

పైపు లోపల మందం ఎంతుందో చివర మూత వెల్డ్ చేశాక కనపడదు. కానీ తూకం అబద్ధం చెప్పదు. స్టీలు పైపు మీటరు బరువుకు సూత్రం ఇది: బయటి వ్యాసంలోంచి మందం తీసేసి, వచ్చినదాన్ని మందంతో గుణించి, మళ్లీ 0.02466తో గుణించండి. వ్యాసం, మందం మి.మీ.లలో ఉంటే జవాబు కిలోల్లో వస్తుంది. 60.3×4.5కు 55.8 × 4.5 × 0.02466, అంటే 6.2 కిలోలు.

థార్‌కు ఒక వైపు లెక్క ఇలా ఉంటుంది. ప్రధాన పైపు మీటరున్నర, 9.3 కిలోలు. బయటి సన్న పైపు 48.3×4, 1.3 మీటర్లు, 5.7 కిలోలు. నాలుగు కాళ్లు కలిపి ఒక మీటరు, 6.2 కిలోలు. నాలుగు ప్లేట్లు 3.4 కిలోలు. మొత్తం 24, 25 కిలోలు, జత 50 కిలోలకు దగ్గర. ఇదే కొలతలు చెప్పి జత 28 కిలోలు తూగితే ఎక్కడో మందం తగ్గించారు. ఆన్‌లైన్‌లో కొంటుంటే పార్సిల్ బరువు అడగండి. బరువు చెప్పని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఆ 50 కిలోలు బండి మోసే బరువులోంచి తగ్గుతాయని కూడా గుర్తుంచుకోండి. థార్‌కు పెద్ద లెక్క కాదు. జిమ్నీకి అది ఒక మనిషి బరువు.

ఎత్తు, వంపు, సందు

స్లైడర్ అడుగు చాసిస్ అడుగు కన్నా కిందికి రాకూడదు. ప్రతి 10 మి.మీ. కిందికి వస్తే బ్రేకోవర్ యాంగిల్ దాదాపు ఒక డిగ్రీ పోతుంది. 40 మి.మీ. వేలాడే స్లైడర్ బిగిస్తే కొత్తగా రాళ్లు తగలడం మొదలవుతుంది. రక్షణకని పెట్టినదే అడ్డమవుతుంది.

కాళ్లు చాసిస్ నుంచి బయటికి 10 నుంచి 20 డిగ్రీల వరకు పైకి లేస్తూ ఉంటే మంచిది. పక్కకు ఒరిగినప్పుడు క్లియరెన్స్ మిగులుతుంది, తలుపు అంచు కూడా కాపాడబడుతుంది. ఇంకా ఎక్కువ లేపితే పైపు తలుపుకు తగిలే దాకా వస్తుంది. బయటి పైపు తలుపు కింది అంచు కన్నా 4 నుంచి 6 సెం.మీ. బయటికి ఉండాలి, చెట్టో బండో ముందు దానికి తగిలేలా. టైరు బయటి అంచు కన్నా మాత్రం బయటికి రావద్దు.

పైపుకూ బాడీకీ మధ్య 20 నుంచి 25 మి.మీ. సందు వదలాలి. బాడీ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, ఒక చక్రం గాల్లో ఉన్నప్పుడు చాసిస్ ఒకలా, బాడీ ఒకలా మెలితిరుగుతాయి. ఇంట్లో ఆపినప్పుడు 5 మి.మీ. సందు చక్కగా కనిపిస్తుంది, గుట్ట మీద అదే రంగును గీకుతుంది.

వెనక చక్రం ముందు పైపు బయటికి విచ్చుకున్నట్టు ఉండే డిజైన్‌ను కిక్-అవుట్ అంటారు. ఇరుకు మలుపులో బండ పక్కన ఆనినప్పుడు అది బండి వెనక భాగాన్ని బయటికి నెడుతుంది, వెనక మడ్‌గార్డు బతుకుతుంది. రాక్స్, ఫార్చ్యూనర్ లాంటి పొడుగు బండ్లకు అడిగి మరీ పెట్టించుకోండి. చిన్న థార్‌కు లేకపోయినా నష్టం లేదు.

పైపు ముందు చివర మూసి, కిందివైపు ఏటవాలుగా కోసి ఉండాలి. తెరిచిన చివర మట్టిని పారలా తోడుతుంది.

ఒక మాట: పైకి దాచి కట్టిన స్లైడర్ మెట్టుగా పనికిరాదు. ఇంట్లో పెద్దవాళ్లు చీరలో ఎక్కాల్సి ఉంటే దాన్ని కిందికి దించమనకండి. చిన్న స్టూలు ఒకటి డిక్కీలో వేసుకోండి, లేదా ట్రైల్‌కు వెళ్లేటప్పుడు విప్పేయగల మెట్టును విడిగా బిగించండి.

చేయించుకుంటే

మీ మోడల్‌కు రెడీమేడ్ దొరకనప్పుడు, బస్ బాడీలు, ట్రాలీలు చేసే మంచి ఫ్యాబ్రికేటర్ దగ్గరికి వెళ్లండి. గేట్లు, గ్రిల్స్ మాత్రమే చేసే షాపు దీనికి సరిపోదు. పైపు వంచే చోట లోపలి వైపు ముడతలు పడకూడదు, పైపు నలిగి కోడిగుడ్డు ఆకారంలోకి మారకూడదు. సరైన డై ఉన్న బెండింగ్ మెషిన్ లేకపోతే వంచడం కన్నా ఏటవాలుగా కోసి అతికించడం మేలు.

కాలు ప్రధాన పైపును కలిసే చోట కాలు చివరను చేప నోరులా కోసి కూర్చోబెట్టాలి. సందు 1, 1.5 మి.మీ. మించితే వెల్డర్ దాన్ని రాడ్డుతో నింపేస్తాడు, ఆ నింపుడే తర్వాత పగులుతుంది. సీఓటూ వెల్డింగ్ అయితే మంచిది. ఆర్క్ అయితే 6013 రాడ్డు కాక, ఆరబెట్టిన 7018 రాడ్డు వాడమనండి. అతుకు చుట్టూ పూర్తిగా తిరగాలి, నాలుగు చుక్కలు పెట్టి వదిలేస్తే కుదరదు.

రంగు వేయక ముందే చూస్తానని మొదటి రోజే చెప్పండి. అతుకు పక్కన గాడిలా తినేసి ఉందా, సూది రంధ్రాలున్నాయా, పుట్టీ పూశారా అన్నది నల్ల రంగు కింద కనపడదు. అతుకును గ్రైండర్‌తో నున్నగా చేయమని మీరూ అడగొద్దు. అందం కోసం తీసేసేది బలాన్నే.

బిగించడం

ఒక్కో వైపు 25 కిలోలు కాబట్టి ఇద్దరుండాలి, ట్రాలీ జాకీ ఉంటే సుఖం. 8.8 గ్రేడు బోల్టులు, గట్టి వాషర్లు, నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి) వాడండి. బోల్టు తల మీద అంకె లేకపోతే అది ఈ పనికి కాదు.

1. రంధ్రాల చుట్టూ దుమ్ము, అండర్‌బాడీ కోటింగ్ గీకి ప్లేటు ఇనుముకు ఆనేలా చేయండి. మెత్తటి తారు పొర మీద బిగిస్తే అది నలిగేకొద్దీ బోల్టు వదులవుతుంది. బయటపడ్డ ఇనుముకు ప్రైమర్ పూయండి.
2. జాకీతో స్లైడర్‌ను పైకెత్తి అన్ని బోల్టులూ చేత్తోనే రెండు మూడు మరలు తిప్పండి. ఒక్కటీ బిగించవద్దు.
3. ముందూ వెనకా సందు సమానం చేసి, మధ్య కాళ్ల నుంచి మొదలుపెట్టి చివరలకు బిగించండి.
4. నట్టుతో బిగించే 8.8 గ్రేడు బోల్టులకు టార్క్ (బిగింపు బలం) 10 మి.మీ. అయితే 45 నుంచి 50, 12 మి.మీ. అయితే 80 నుంచి 85 న్యూటన్-మీటర్లు. చాసిస్‌లోని కంపెనీ వెల్డ్ నట్లకు మాత్రం కంపెనీ చెప్పిన టార్కే. వెల్డ్ నట్టు లోపల తిరిగిపోయిందంటే తీయడం నరకం.
5. తలుపులన్నీ పూర్తిగా తెరిచి చూడండి. స్టీరింగ్ రెండు వైపులా చివరి వరకు తిప్పండి. ఒక చక్రాన్ని గట్టు ఎక్కించి టైరు స్లైడర్‌కు తగులుతుందేమో గమనించండి.
6. కంపెనీ జాకీ పెట్టే చోటు మూసుకుపోలేదు కదా. మూసుకుపోతే పంక్చర్ పడ్డ రాత్రి తెలుస్తుంది.

తర్వాత బరువు పరీక్ష. స్లైడర్ నడుమ, రెండు కాళ్ల మధ్య చెక్క ముక్క వేసి జాకీతో ఆ పక్క రెండు టైర్లూ నేల వదిలేదాకా మెల్లగా ఎత్తండి. అవతలి చక్రాలకు అడ్డం పెట్టడం, బండి కిందికి ఎవరూ దూరకపోవడం ముఖ్యం. ఎత్తకముందు, ఎత్తాక, దించాక పైపుకూ బాడీకీ మధ్య సందు కొలవండి. ఎత్తినప్పుడు కొన్ని మి.మీ. తగ్గితే సహజం. దించాక మొదటి కొలతకు తిరిగి రావాలి. రాకపోతే ఏదో వంగింది, లేదా ప్లేటు జరిగింది. మొదటి గుట్ట మీద కాక ఇంటి ముందే తెలియడం మంచిదే.

హై-లిఫ్ట్ జాకీ (నిలువు కడ్డీ వెంట బండిని ఎత్తే పొడుగు జాకీ) వాడే అలవాటుంటే గుండ్రటి పైపు మీద దాని ముక్కు జారుతుందని తెలుసుకోండి. పైపు అడుగున చిన్న ఆపుడు ముక్కలు రెండు వెల్డ్ చేయించుకోవచ్చు.

రంగు, తుప్పు

పౌడర్ కోటింగ్ షోరూములో బాగుంటుంది. రాయి తగిలిన చోట పెచ్చు లేచి, ఆ పెచ్చు కిందుగా తుప్పు పాకుతుంది, బయటికి కనపడదు. గీతలు పడటమే పనిగా ఉన్న వస్తువుకు జింకు ప్రైమర్ మీద మామూలు నల్ల ఎనామెల్ నయం. గీత పడ్డప్పుడల్లా వైర్ బ్రష్‌తో గీకి బ్రష్‌తో పూసేయొచ్చు.

పైపు లోపలే అసలు ప్రమాదం. అడుగున ప్రతి గదికీ ఒక 6 మి.మీ. రంధ్రం ఉండాలి, నీళ్లు కారిపోవడానికి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉండేవాళ్లు, బీచ్ ఇసుకలో తిప్పేవాళ్లు ఆ రంధ్రంలోంచి క్యావిటీ వ్యాక్స్ (లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించాలి. రేగడి నేలల్లో తిరిగితే ప్లేటుకూ చాసిస్‌కూ మధ్య మట్టి కూరుకుని రోజుల తరబడి తడి పట్టి ఉంటుంది. పైకి నీళ్లు కొట్టి వదిలేయకుండా కింది నుంచి ఆ సందుల్లోకి కొట్టండి.

చట్టం, ఇన్సూరెన్స్

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని ఆర్‌సీలోని తయారీదారు వివరాలకు భిన్నంగా మార్చకూడదు. 2019 సవరణ తర్వాత సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసినది క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని. స్లైడర్‌ను తనిఖీలో ఎలా చూస్తారన్నది ఎదురుగా ఉన్న అధికారిని బట్టి ఉంటుంది. కంపెనీ యాక్సెసరీగా షోరూములో బిల్లుతో బిగించినదైతే వాదించడానికి కాగితం ఉంటుంది. బయట చేయిస్తే బోల్టు పద్ధతే మంచిదనడానికి ఇదీ ఒక కారణం. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు దాచుకోండి.

తర్వాత చూసుకోవాల్సినవి

మొదటి 100 కిలోమీటర్లకు ఒకసారి, మొదటి రాళ్ల దారి తర్వాత ఒకసారి టార్క్ రెంచ్‌తో అన్ని బోల్టులూ మళ్లీ బిగించండి. ఆ తర్వాత ప్రతి సర్వీసుకూ చూస్తే చాలు. నట్టు మీద, ప్లేటు మీద కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే కదిలిందో లేదో రెంచ్ లేకుండానే తెలుస్తుంది. కాలు ప్లేటును కలిసే అతుకు అంచున సన్నటి తుప్పు గీత కనపడిందా, అది మరక కాదు, పగులు. రంగు గీకి చూడండి. గీత అలాగే ఉంటే ఆ స్లైడర్‌ను విప్పి, పాత అతుకును పూర్తిగా గ్రైండ్ చేసి, గస్సెట్ వేసి మళ్లీ వెల్డ్ చేయించే దాకా దాని మీద జాకీ పెట్టకండి.